ఇంటిలెక్క యెవరిది?

ఇంటిలెక్కలను గూర్చి వ్రాయువారు సాధారణముగా పొదుపుతో మొదలిడి పొదుపుతోనే ముగింతురు. ఆదాయమునకు మించి వ్యయము చేయరాదనియు, దినదినమును పద్దు వ్రాసికొన్నచో దుబారా తగ్గుననియు, తగ్గిన దుబారా వార్ధకమున అక్కఱకు వచ్చుననియు బోధింతురు. ఈ బోధలో తప్పు లేదు. కాని యింతటితో విషయము ముగిసినదని తలఁచుట మాత్రము పొరపాటు. ఒక యింట ఎవరు ఎవరిని ప్రశ్నింపవచ్చునో, ఎవరు ఎవరికి సమాధానము చెప్పవలయునో, ఎవరు అడుగకయే తీసికొందురో, ఎవరు అడిగి పుచ్చుకొందురో, ఈ సంగతులన్నియు లెక్కపుస్తకమున అంకెల నడుమ వ్రాయఁబడియే యుండును. చదువ నేర్చినవారికి అవి కనఁబడును.

లెక్క వ్రాయు పద్ధతులు పెక్కులు గలవు. వీనిలో ఏది మేలైనదని యడుగువారు, ఏది నెలాఖరునకు ఎక్కువ రూపాయలు మిగుల్చునో దానికే పెద్దపీట వేయుదురు. మే మీ వ్యాసమున మఱియొక తూనికతో వానిని తూఁచి చూడఁదలఁచితిమి. ఏ పద్ధతి యింటివారిని ఒకరియెడ నొకరు సత్యవంతులుగా నుండనిచ్చును? ఏ పద్ధతి ఒకరిని న్యాయాధిపతిగాను మఱియొకరిని ముద్దాయిగాను చేయును? ఇదియే మా ప్రశ్న.

మన పూర్వులు లెక్కను తేలికగా చూచినవారు కారు. కౌటిల్యుని అర్థశాస్త్రమున రెండవ అధికరణములో అక్షపటల మను లెక్కల కార్యస్థానమునకై ప్రత్యేకముగా నొక అధ్యాయము గలదు. ఆయము, వ్యయము, నీవి, అనఁగా రాబడి, ఖర్చు, నిల్వ అను మూఁటిని వేఱువేఱుగా చూపవలయునని యందు విధింపఁబడినది. దాని తరువాతి యధ్యాయమున, ఉద్యోగులు రాజధనమును అపహరించు ఉపాయములు 40 అని లెక్కించి వివరింపఁబడినది. రాజ్యపు లెక్క అనుమానమునుండి పుట్టినది. అది యట్లుండుటయే తగును. ఉద్యోగి చేతిలో నున్నది ప్రజల సొత్తు. వానిని అనుమానించి పరీక్షించుట ప్రభువునకు ధర్మము.

గృహమునకు సంబంధించిన లెక్కను వాత్స్యాయనుఁడు చెప్పెను. కామసూత్రములనఁగానే మొగము త్రిప్పుకొను చదువరులు, ఆ గ్రంథమున భార్యాధికారిక మను భాగ మున్నదనియు, అందు గృహనిర్వాహము వర్ణితమైనదనియు మఱవరాదు. సంవత్సరపు రాబడిని లెక్కించి దానికి తగినట్లు వ్యయము చేయుటయు, ఏనాఁటి ఆయవ్యయములను ఆనాఁడే మొత్తము కట్టుటయు గృహిణి యెఱుఁగవలసిన పనులుగా నతఁడు పేర్కొనెను. నేఁడు మనము బడ్జెటు అని పిలుచునది మొదటిది, దినచిట్టా రెండవది. రెండును ఆమె చేతిలోనే యుంచఁబడినవి.

మనుస్మృతి తొమ్మిదవ అధ్యాయము సైతము ధనసంగ్రహమునందును వ్యయమునందును భార్యను నియోగింపవలయు నని చెప్పుచున్నది. ఇంతవఱకు చదివి, మన ప్రాచీనులు స్త్రీకి ధనాధికార మొసంగిరని పొంగిపోవువారు గలరు. వారు ఆ శ్లోక మే ప్రకరణమున నున్నదో చూడవలయును. బలిమిచేత స్త్రీలను కాపాడుట యెవరికిని సాధ్యము కాదు గావున, ఇట్టి పనులలో నుంచి కాపాడవలయునని చెప్పు సందర్భ మది. ఆమెకు పని యీయఁబడినది గాని పెత్తన మీయఁబడలేదు. బాధ్యతను అప్పగించి హక్కును అట్టిపెట్టుకొను నీ మర్యాద గ్రంథమును దాఁటి మన యిండ్లలో నేఁటికిని నిలిచియున్నది. కూరగాయల చిల్లర ఆమె చేతిలో నుండును. చెక్కుపుస్తకము ఆయన బీరువాలో నుండును. పది రూపాయలకు లెక్క ఆమె చెప్పవలయును. పదివేలకు లెక్క ఆయన చెప్ప నక్కఱలేదు.

ఇఁక పద్ధతులను పరిశీలింతము.

అన్నిటికంటె ప్రాచీనమైనది గోడలెక్క. పాలమనిషి గిన్నెలో పాలు పోసి పోఁగానే ఇల్లాలు బొగ్గుముక్కతో గోడమీఁద గీఁత గీయును. నెల తిరిగినప్పుడు ఇరువురును నిలువఁబడి గీఁతలు లెక్కింతురు. తరువాత గోడకు బదులు క్యాలెండరు వచ్చినది. పాలు రాని దినమున ఆ గడిలో సున్న చుట్టుదురు. ఈ లెక్క మోటుగా కనఁబడును గాని దీనికొక సుగుణము గలదు. ఇది యిరుపక్షముల కన్నుల యెదుటను ఉండును. అక్షరములు రానివారికి సైతము గీఁతలు వచ్చును. అడుగువారికిని చెప్పువారికిని గోడ యొక్కటే. ఇంతకంటె ఖరీదైన పద్ధతులలో నీ సుగుణ మెంతవఱకు నిలిచినదో ముందు చూతుము.

రెండవది చిట్టా. వర్తకుల దుకాణములనుండియు, కరణముల కవిలెకట్టల నుండియు నిది మన యిండ్లకు దిగినది. ఒకప్రక్క జమ, ఒకప్రక్క ఖర్చు, అడుగున నిల్వ. ప్రతిరాత్రియు కన్నులు మూఁతపడుచుండఁగా దీపము దగ్గఱ కూర్చుండి పద్దులు వ్రాసిన తాతల యోర్పు కొనియాడఁదగినదే. కాని చిట్టా కాలక్రమమును మాత్రమే యెఱుఁగును. సోమవారము కూరలకు 120 రూపాయలు, మంగళవారము మందులకు 340 రూపాయలు అని చెప్పును గాని, నెల మొత్తమున మందుల కెంత, కూరల కెంత యని చెప్పదు. అందులకే వర్తకుఁడు చిట్టాతోపాటు ఆవర్జా యుంచి, పద్దులను ఖాతాలవారీగా దానిలోని కెక్కించును. మన యిండ్లలో చిట్టా యుండును; ఆవర్జా యుండదు. అందుచేత వ్రాఁత యుండును గాని యెఱుక కలుగదు. ఇరువదియేండ్ల చిట్టాలు అటకమీఁద భద్రముగా నున్న యిండ్లు గలవు. ఆ యింట కుమారుని చదువునకు ఎంత వెచ్చించిరో, కుమార్తె చదువునకు ఎంత వెచ్చించిరో ఒక్కనాఁడైనను రెండు ఖాతాలుగా విడఁదీసి చూచినవారు లేరు. చూచినచో ఆ చిట్టాయే సాక్ష్యము చెప్పెడిది.

మూఁడవది జంటపద్దు విధానము. 1494వ సంవత్సరమున వెనిస్ నగరములో లూకా పచోలీ యను క్రైస్తవసన్న్యాసి తన గణితగ్రంథమున దీనిని వివరించి అచ్చువేయించెను. ఆయన దీనిని కనిపెట్టినవాఁడు కాఁడు. అచ్చటి వర్తకులు అప్పటికే వాడుచుండిన దానిని శాస్త్రరీతిని వ్రాసి పెట్టెను. ప్రతి వ్యవహారమును రెండుచోట్ల వ్రాయవలయు ననుట దీని సారము. ఒకచోటికి వచ్చినది మఱియొకచోటినుండి వచ్చియుండవలయును; రెండుప్రక్కలును సరిపోవలయును. గృహస్థుఁడు వర్తకునివలె డెబిట్టు, క్రెడిట్టు వ్రాసికొను నవసరము లేదు. అయినను "ఇది యెక్కడినుండి వచ్చినది?" అను దాని ప్రశ్నను ఇంటికి తెచ్చుకొనుట మంచిది.

ఒక యింట నెలకు 60,000 రూపాయల జీతము జమ వ్రాసిరనుకొందము. కార్యాలయమునుండి వచ్చినదని ప్రక్కన వ్రాసిరి. అంతేనా? తెల్లవాఱక మునుపే లేచి, వంటచేసి, క్యారేజి కట్టి, పిల్లలను బడికి పంపి, మంచముపట్టిన అత్తగారికి మందులు త్రాగించిన చేతులు లేకున్నచో ఆ జీతము ఇంటికి వచ్చియుండెడిదా? 2019లో భారతప్రభుత్వము జరిపిన కాలవినియోగ సర్వేలో, ఆఱేండ్లు మొదలుకొని పైబడినవారిని విచారింపఁగా, వేతనము లేని యింటిపనిలో చేయి పెట్టు స్త్రీలు నూటికి 81 మందియు, పురుషులు నూటికి 26 మందియు అని తేలినది. ఆ పని చేయువారిలోనైనను స్త్రీ సగటున దినమునకు 299 నిమిషములు చేయఁగా, పురుషుఁడు 97 నిమిషములు చేయుచుండెను. దినమునకు అయిదు గంటల శ్రమ మన పుస్తకములలో ఏ జమలోను లేదు. వెనిస్ వర్తకుఁ డెవఁడైనను దీనిని చూచినచో, రెండుప్రక్కలు సరిపోలేదని త్రిప్పి పంపియుండును.

నాలుగవది ముడుపు. జీతము చేతికందిన దినముననే దానిని పాళ్లుగా విడఁదీసి, అద్దెకు, బియ్యమునకు, బడిఫీజునకు, మందులకు వేఱువేఱు కవర్లలో నుంచుదురు. పడమటి దేశములందు ఈ కవర్ల పద్ధతి మిక్కిలి ప్రచారమున నున్నది. మనకిది క్రొత్త గాదు. ఆపద వచ్చినప్పుడు పసుపుగుడ్డలో కాసు కట్టి తిరుపతి వేంకటేశ్వరునకు మ్రొక్కుకొన్న ముడుపును, తరువాత ఎంత యిబ్బంది వచ్చినను ఇంటివా రెవరును విప్పరు. దాని కట్టుబాటు అంకెలో లేదు, సంకల్పములో నున్నది. కవర్ల పద్ధతికిని బలమదియే. వ్రాయనేరని వారికి సైతము కవరు పలుచనైనదని చేయి చెప్పును. అయితే ఏ కవరు ముందు నిండవలయును, ఏ కవరు ఖాళీగా నున్నను ఫరవాలేదు అను నిర్ణయ మెవరిది? తండ్రి బండికి పెట్రోలు కవరు మొదట నిండి, తల్లి కంటి అద్దముల కవరు మూఁడు నెలలు ఖాళీగా నున్న యింట కవర్లు ఎన్ని యున్నను ధర్మము లేదు.

అయిదవది జపానుదేశపుది. 1904లో మొతోకో హానీ యను పత్రికారచయిత్రి తన దేశపు గృహిణులకై యొక లెక్కపుస్తకమును ప్రకటించెను. అట్టి పుస్తకమును వారు 'కకేబో' అందురు. ప్రతి శీర్షికకు ఇంత యని ముందుగా నిర్ణయించుకొని, చేసిన ఖర్చును చేతితో వ్రాసి, రెంటిని సరిపోల్చుకొనుట యందలి విధానము. నేఁడు లోకమున వ్యాపించిన రూపములో వ్యయము నాలుగు పాళ్లుగా నుండును: అవసరములు, కోరికలు, సంస్కృతి, అనుకోని ఖర్చులు. ఈ మూఁడవ పాలు మమ్ము మిక్కిలి ఆకర్షించినది. పుస్తకమునకు, సంగీతమునకు, నాటకమునకు ఇంటిలెక్కలో స్వంతమైన గడి యొకటి గలదు! మన పుస్తకములలో ఇవి 'ఇతరములు' అను గంపలో అగ్గిపెట్టెలతో కలిసి పడియుండును. మఱియు నెల ముగిసినప్పుడు వ్రాయువారు తమ్ముఁ దామే అడుగుకొనవలసిన ప్రశ్న, 'వచ్చు నెల ఎట్లు బాగుపడఁగలము?' అనునది. ఇచట అడుగువారును చెప్పువారును ఒక్కరే. ఇది పరీక్షయే గాని విచారణ గాదు.

ఆఱవది పాళ్ల లెక్క. 2005లో ఎలిజబెత్ వారెన్, ఆమె కుమార్తె అమేలియా వారెన్ త్యాగీ కలిసి వ్రాసిన గ్రంథమువలన నిది ప్రసిద్ధికెక్కినది. చేతికి వచ్చిన నూఱు రూపాయలలో 50 అవసరములకు, 30 కోరికలకు, 20 పొదుపునకు అనుట దాని సూత్రము. జ్ఞాపకముంచుకొనుటకు తేలిక, దినదినమును పైసలు లెక్కించు బాధ తప్పును. కాని సూత్రము ఎవరి యింటిని చూచి పుట్టినదో ఆలోచింపవలయును. కుటుంబము బీదదైనకొలఁది దాని వ్యయములో ఆహారమునకు పోవు పాలు హెచ్చునని 1857లోనే ఎర్నెస్ట్ ఎంగెల్ అను జర్మను గణాంకశాస్త్రవేత్త నిరూపించెను. 2022–23లో మన దేశమున జరిగిన గృహవ్యయ సర్వేలో, గ్రామములందు కుటుంబవ్యయమున నూటికి సుమారు 46 పాళ్లును, పట్టణములందు సుమారు 39 పాళ్లును ఆహారమునకే పోవుచున్నట్లు తేలినది. దీనికి అద్దె, మందులు, బడి, బస్సు కలిపిన పిమ్మట, అవసరములకు 50 దాఁటరాదని చెప్పుట ఆఁకలిగొన్నవానికి ఏకాదశీమాహాత్మ్యము వినిపించుట వంటిది. ఈ సూత్రము మధ్యతరగతివారికి అద్దముగా నుండవచ్చును. బీదవారిపై అభియోగముగా మాఱరాదు.

ఏడవది ఫోను. 2016లో యూపీఐ ప్రారంభమైన పిమ్మట, కూరగాయల బండికిని, పూలబుట్టకును గళ్లగుర్తు గల అట్టముక్క వచ్చి చేరినది. ఎవరును కలము పట్టకున్నను ప్రతి చెల్లింపును ఫోను వ్రాసికొనుచున్నది. ఆ పద్దులను ఏరి, రంగురంగుల చక్రములుగా చిత్రించి చూపు సాధనములును గలవు. చిట్టాకు ఆవర్జా తనంత తాను పుట్టినట్లున్నది. ఇంతటి సౌకర్యమును తిరస్కరించుట అవివేకము. కాని రెండు సంగతులు విన్నవింపవలయును.

చేతితో పద్దు వ్రాయునప్పుడు మనము ఒక్క క్షణ మాగుదుము. ఆ క్షణమున 'ఇది కావలసినదేనా?' అను ప్రశ్న మనస్సున మెదలును. ఫోను ఆ క్షణమును మ్రింగివేసినది. నెల కొకసారి యైనను దానిలోని పద్దులను చదివి, నాలుగు పంక్తులు చేతితో వ్రాసికొనకున్నచో, లెక్క మన దగ్గఱ నున్నట్లే గాని మనకు తెలిసినట్లు గాదు. ఇది మొదటి సంగతి.

రెండవ సంగతి ఇంతకంటె బరువైనది. బ్యాంకు పంపు సందేశము ఎవరి ఫోనులో మ్రోగును? 2014లో ప్రారంభమైన జనధన యోజనవలన కోట్లకొలఁది స్త్రీల పేర ఖాతాలు తెఱవఁబడినవి. అది సంతోషము. కాని ఖాతా భార్య పేర నుండఁగా, కార్డు భర్త జేబులోను, ఖాతాకు కట్టిన ఫోను నంబరు భర్తదియు నగు కుటుంబములు మన యెఱుకలోనివే. ఆమె 500 రూపాయలు తీసినంతనే ఆయన జేబులో గంట మ్రోగును. "మధ్యాహ్నము బజారుకెందుకు పోయితివి?" అను ప్రశ్న సాయంకాలమునకు సిద్ధముగా నుండును. ఆయన ఖాతాలో ఏమి జరుగుచున్నదో తెలియుటకు ఆమెకు ఏ గంటయు లేదు. పాలమనిషి యెదుట నున్న గోడ ఇద్దఱకును కనఁబడెడిది. ఈ గాజుగోడ ఒక్కరికే కనఁబడును. యంత్రము క్రొత్తది, పెత్తనము పాఁతది.

ఇట్టి లెక్క గల యింట దాని నీడగా మఱియొక లెక్క పుట్టును. అది పోపులడబ్బాలోను, బియ్యపుడబ్బా అడుగునను, పట్టుచీరల మడతలలోను వ్రాఁత లేక పెరుఁగును. దీని నెఱుఁగని తెలుఁగువా రుండరు. 2016 నవంబరు 8వ తేది రాత్రి 500, 1000 రూపాయల నోట్లు చెల్లవని ప్రకటింపఁబడినప్పుడు, ఈ రహస్యపు లెక్క దేశమంతటను ఒక్కసారిగా బయటపడవలసి వచ్చినది. ఏండ్లతరబడి దాఁచిన నోట్లను ఇల్లాండ్రు భర్తల యెదుట పెట్టిరి. ఆ దినములలో దీనిమీఁద పుట్టిన హాస్యములకు కొదవ లేదు. నవ్వినవారు ఆ సొమ్ము దేనికై దాఁచఁబడినదని అడుగలేదు. కూఁతురి ప్రసవమునకు, పుట్టింటనున్న ముసలితల్లి మందులకు, మగఁడు జీతము త్రాగివచ్చిన నెలలో పిల్లల యన్నమునకు, ఏనాఁడైనను ఆ యిల్లు విడిచి పోవలసివచ్చినచో బస్సుచార్జికి. అడుగకుండ వాడుకొనఁగల సొమ్ము ఆమె కంతకంటె వేఱొకటి లేదు. ఆ రాత్రి నోటు మాత్రమే రద్దయినదని మేము తలఁపము. అనేకగృహములలో ఆమెకున్న చిన్న స్వాతంత్ర్యమును దానితో రద్దయినది.

భర్తకు తెలియకుండ దాఁచుట అసత్యము గాదా యని నీతివాదులు అడుగుదురు. న్యాయమైన ప్రశ్నయే. దాఁపరికమును మేము ధర్మమని స్తుతింపము. దాఁచినవారికి అది శాంతి నీయదు. సొమ్మునకు వడ్డీ నీయదు. పిల్లలకు మంచి పాఠము నేర్పదు. కాని అసత్యమునకు కర్తను వెదకునప్పుడు, నిజము చెప్పినవారికి ఏమి జరుగునో కూడ విచారింపవలయును. లెక్క అడుగువారు లెక్క చెప్పనిచోట, 'నాకిది కావలయును' అని చెప్పినంతనే వాదము పుట్టుచోట, దాఁచుట ఆత్మరక్షణము. మఱియు దాఁచువారు స్త్రీలు మాత్రమే యని యెవరును తలఁపరాదు. తఱచుగా ఇల్లాలు దాఁచునది పొదుపు. యజమాని దాఁచునది అప్పు. మొదటిది బయటపడినప్పుడు ఇల్లు నవ్వును. రెండవది బయటపడినప్పుడు ఇల్లు కూలును. కావున పోపులడబ్బాను విడువుమని సోదరీమణులకు బోధించుటకు మునుపు, ఆ డబ్బాను అవసరము చేసిన పుస్తకమును సరిదిద్దవలయునని మా యభిప్రాయము.

ప్రేమ గలచోట లెక్క లేల యని మఱికొందఱందురు. వినుటకు ఇంపుగా నుండును. కాని ఇంట లెక్క లేదనఁగా, ఎవరికిని లెక్క తెలియదని యర్థము గాదు. ఒకరికి మాత్రమే తెలియునని యర్థము. లెక్క అడుగుట అమర్యాద యని చెప్పునది సాధారణముగా తాళపుచెవి చేతనున్నవారే. ఆ యొక్కరు అకస్మాత్తుగా కన్నుమూసిన దినమున, ఏ బ్యాంకులో నెంత గలదో, ఎవరికెంత ఇయ్యవలయునో, బీమా కాగితము లెక్కడ నున్నవో తెలియక, పదియవనాఁడు దాఁటక మునుపే కాగితములకై బీరువాలు వెదకుకొను కుటుంబములను మే మెఱుఁగుదుము. ప్రేమ యున్నవారు ఇట్టి చీఁకటిని తమవారికి ఆస్తిగా విడిచిపోరు.

లెక్క విప్పి చెప్పుట మనుష్యుల నెట్లు మార్చఁగలదో తెలిసికొనుటకు దూరము పోనక్కఱలేదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట గ్రామమున, అక్షరాస్యతాతరగతులలో చదువు నేర్చుకొన్న బీదస్త్రీలు, వాచకములోని యొక కథను చదివి, తమ యింటి కూలిడబ్బు సారాదుకాణమునకు పోవుటను గూర్చి ఆలోచింపఁజొచ్చిరి. వర్ధినేని రోశమ్మ మొదలగువారి పేళ్లు ఆ యుద్యమముతో చిరస్మరణీయములైనవి. ఊరిలో రేగిన నిప్పు రాష్ట్రమంతటను వ్యాపించి, 1993 అక్టోబరు 1వ తేదినుండి సారా నిషేధింపఁబడినది. ఆ పిమ్మట ఆ జిల్లా స్త్రీలు దినమునకు ఒక్క రూపాయి చొప్పున కూడఁబెట్టి పొదుపుసంఘములు నిలిపిరి. సంఘపు లెక్క సమావేశమున అందఱి యెదుటను చదువఁబడును. ఎవరు ఎంత కట్టిరో, ఎవరు ఎంత అప్పు తీసికొనిరో అందఱును విందురు. ఇంట పది రూపాయలకు జవాబు చెప్పుకొన్న స్త్రీ సంఘమున లెక్క అడుగఁగలిగినది. అచట సిగ్గు లేదు, బెదరింపు లేదు. ఏలయన అడుగువారును మఱునిమిషమున చెప్పవలసినవారే. వీధిలో సాధ్యమైన యీ మర్యాద యింటిలో నేల సాధ్యము గాదు?

దీనినిబట్టి మేము చెప్పునది స్వల్పము. మొదట, పుస్తకము ఏదైనను, గోడయో, చిట్టాయో, కవర్లో, ఫోనో, అది యింటిలోని పెద్దలందఱకు తెఱచి యుండవలయును. జీతములు మాత్రమే గాక అప్పులు, చీట్లు, బీమాలు, హామీసంతకములు సైతము అందుండవలయును. పాఠశాలలో పిల్లలకు 'మా యింటి నెలఖర్చు' అను విషయమున వ్యాసము వ్రాయుఁడని మే మొకప్పుడు చెప్పితిమి. పాలకు, బియ్యమునకు, ఫోనుకు ఎంతెంత యైనదో వారు చక్కఁగా వ్రాసిరి. నాయనగారి ఖర్చు అను పద్దు మాత్రము ఒక్కరి కాగితమునను లేదు. వారికి తెలిసిన యింటిలెక్క వంటయింటి లెక్క మాత్రమే.

రెండవది, నెల కొక్కసారి దంపతులు కలిసి కూర్చుండి లెక్కను చదువవలయును. పది పండ్రెండేండ్లు నిండిన పిల్లలను దగ్గఱ కూర్చుండఁబెట్టుకొనుట మంచిది. ఆ సమయమున 'ఎందుకు చేసితివి?' అను మాటకు బదులు 'ఏమి చేయుదము?' అను మాట వాడవలయును. మొదటి మాట న్యాయస్థానమునకు తగినది. రెండవది సంసారమునకు తగినది. ఇంటిపనికి పోయిన గంటలను ఒక్క వారమైనను ఆ పుస్తకముననే వ్రాసి చూడుఁడని కూడ మా మనవి. వానికి వెలకట్టుమని మేము చెప్పము. కంటఁబడినంతనే కొంత పని చేతులు మాఱునని మా నమ్మకము.

మూఁడవది మా మనస్సునకు ముఖ్యమైనది. ప్రతి యింటిలెక్కలోను అడుగరాని పద్దు ఒకటి యుండవలయును. దానికి 'స్వంతము' అని పేరు పెట్టుదము. సంపాదన ఎవరిదైనను, భార్యకు ఎంతయో భర్తకు అంతే. కలిగినయింట అది వేలు కావచ్చును, లేనియింట 50 రూపాయలు కావచ్చును; పరిమాణము ముఖ్యము గాదు, సమానత ముఖ్యము. ఆ సొమ్ము ఏమైనదని ఒకరి నొకరు అడుగరాదు. ఆమె పుట్టింటికి పంపవచ్చును, పూలు కొనవచ్చును, తన పేర బ్యాంకులో వేసికొనవచ్చును. తన ఫోనునకే సందేశము వచ్చు ఖాతా ఆమెకు అందులకై యుండవలయును.

దీనివలన సత్యమునకు భంగము కలుగునేమో యని శంకింపవలదు. పుస్తకమున పద్దు ఉన్నది, మొత్తము ఉన్నది, మొత్తము ఎంతయో ఇద్దఱకును తెలియును. వివరము మాత్రము అడుగఁబడదు. దాఁచుటకును అడుగకుండుటకును ఎంతయో భేదము గలదు. దాఁచుచోట ఒకరు భయపడుదురు; అడుగకుండుచోట ఇద్దఱును గౌరవింపఁబడుదురు. సత్యము చెప్పుట ఎంత ధర్మమో, ఎదుటివారికి అసత్యపు టవసరము కల్పింపకుండుట అంతకంటె తక్కువ ధర్మము గాదు.

త్రాగుడునకును జూదమునకును ఈ పద్దు ఆశ్రయ మగునేమో యని మఱియొక శంక. ఆ వ్యసనములు ఏ పద్దును లేకయే సాగుచున్నవి. పైఁగా 'స్వంతము' నకు ఇంతయని యొక హద్దు గలదు; హద్దు దాఁటినది తక్కిన పుస్తకమున లోటుగా తేలి, నెలాఖరున అందఱి కన్నులను పడును. హద్దు లేని పెత్తనమున కంటె హద్దు గల స్వేచ్ఛలో వ్యసనమునకు దాఁగుచోటు తక్కువ.

కావున మా చదువరులు తమకు నచ్చిన పద్ధతినే అవలంబింతురు గాక. బద్ధకస్థులకు ఫోను, ఓర్పు గలవారికి చిట్టా, చేతికి దొరకినది నిలువనివారికి కవర్లు. పద్ధతి ఏదైనను దానికొక్క పరీక్ష చాలును. ఆ లెక్కను విప్పినంతనే ఇంట ఎవరి గుండెయైనను దడదడ కొట్టుకొనుచున్నదా? కొట్టుకొనుచున్నచో మొత్తములు పైసతో సరిపోయినను ఆ లెక్క తప్పు. వచ్చు నెల ఒకటవ తేదిని క్రొత్తపుట తెఱచునప్పుడు, అద్దెకును బియ్యమునకును మునుపే, మొదటి పంక్తిలో 'స్వంతము' అని వ్రాసి, ఇద్దఱి పేళ్లకు ఎదురుగా ఒక్కటే అంకె వేయుఁడు. తక్కిన పద్దులు ఆ పంక్తి క్రింద నిదానముగా కుదురుకొనును.